పంపు మీద చల్లిన పసుపు

మొన్న మా ఊరి ధాన్యం బజారు గాంధీ గంజ్‌కు కందిపప్పు కోసం వెళ్లి, సంచి భుజానికి తగిలించుకొని బయటికి వస్తుంటే, గేటు పక్కన ఒక పెద్ద లారీ ఆగిపోయి కనిపించింది. దాని కింద నేలంతా తడిసి బురదైంది. డ్రైవరు, పాపం చిన్న వయసువాడే, చేతులు కట్టుకొని పక్కన నిలబడి ఉన్నాడు. కంపెనీవాళ్లకు ఫోను చేశాడట, వాళ్లు వచ్చేదాకా ఎవరూ చేయి పెట్టకూడదట. హమాలీలు చుట్టూ చేరి తలా ఒక సలహా ఇస్తున్నారు. నేను ఆగలేదు. ఎండ మీదికి వస్తోంది, నా మోకాళ్లు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. కాని కాగిన నీళ్లు, పాత రబ్బరు కలిసిన ఆ వాసన ఆటో ఎక్కినా నన్ను వదల్లేదు. నా ఈడు ఆడవాళ్లకు కొత్త కాపురం అనగానే మల్లెపూలు గుర్తుకొస్తాయేమో గాని, నాకు మాత్రం గుర్తొచ్చేది ఆ వాసనే.

మా అత్తవారిది గంజ్‌లో పప్పుల వ్యాపారం. మా మామగారు పొద్దున్నే దుకాణంలో గద్దె ఎక్కి కూర్చుంటే, మళ్లీ దీపాలు పెట్టే వేళకే దిగేవారు; పప్పును అరచేతిలో పోసుకొని చూసి అది ఏ ఊరి చేనుదో చెప్పగలిగిన మనిషి. ఆయనకు ఒక్కడే కొడుకు, ఆ కొడుకును గద్దె మీద కూర్చోబెడితే ముళ్ల మీద కూర్చున్నట్టు అటూ ఇటూ కదిలేవాడట. మా ఆయనకు ఉన్నదల్లా లారీ పిచ్చి. మా పెళ్లికి ముందే తండ్రిని బతిమాలి, అలిగి, రెండు పూటలు అన్నం మానేసి, ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన ఒక పాత లారీని కొనిపించుకున్నారు. నేను కాపురానికి వచ్చేసరికి ఇంటి ముందు వాకిలంతా అదే ఆక్రమించి ఉండేది, ముగ్గు వేసుకోవడానికి నాకు మిగిలింది చేటెడు జాగా. సవతి అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను, నిజం చెప్పొద్దూ! అయితే ఒకసారి సంతపూర్‌లో బంధువుల ఇంటికి ఆ లారీలోనే తీసుకువెళ్లారు. ఇంట్లో అడిగినదానికి జవాబు చెప్పడానికే బద్ధకించే మనిషి, ఆ దారి పొడుగునా ఒకటే మాటలు, ఒకటే నవ్వులు. ఈ మనిషినా నాకు కట్టబెట్టింది, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు అని ఆశ్చర్యపోయాను. ఆ రోజు నుంచి ఆ లారీ మీద నాకున్న కోపం పోయింది.

అలాంటి లారీకి, సరిగ్గా కందులు గంజ్‌కు వచ్చే రోజుల్లో, వాటర్ పంపు చెడిపోయింది. ఇంజను వేడెక్కకుండా నీళ్లను తిప్పుతూ ఉండే చిన్న యంత్రం అది. ముందు గరగరమని చప్పుడు చేసింది, తర్వాత బొట్టు బొట్టుగా కారింది, చివరికి వాగు కనబడ్డ చోటల్లా ఆపి బిందెతో నీళ్లు పోస్తే గాని బండి కదలని స్థితికి వచ్చింది. బాగుచేసే మిస్త్రీ కొల్హార్‌లో ఉండేవాడు, అతను తమ్ముడి పెళ్లని ఊరికి వెళ్లాడు. మిగిలిన మిస్త్రీల దగ్గర, పంట రోజులు కదా, లారీలు బారులు తీరి ఉన్నాయి. మా మామగారికి ఆ బండి మీద ఎప్పటినుంచో ఉన్న విసుగు ఆ రాత్రి భోజనాల దగ్గర బయటపడింది.

"ఎల్లుండి పొద్దుగాల కొనేటోడు వస్తుండు. అప్పటికి బండి నడిస్తే నడిచినట్టు, లేకుంటే ఇచ్చేస్తా. నువ్వొచ్చి గద్దె మీద కూసో" అన్నారు.

మా ఆయన విరిచిన జొన్నరొట్టె ముక్కను కంచంలోనే వదిలేసి లేచిపోయారు. బండి పోతే ఇంకో బండి వస్తుందేమో గాని, సంతపూర్ దారిలో నవ్విన ఆ మనిషి మళ్లీ నాకు దొరకడు, జీవితాంతం గద్దె మీద ముడుచుకొని కూర్చున్న మనిషికి అన్నం వడ్డిస్తూ బతకాలి. నా భయం అదీ.

తెల్లవారిన తర్వాత చూద్దును కదా, మా ఆయన గోనెపట్టాలు పరిచి, ఉన్న నాలుగు పానాలూ వరుసగా పేర్చుకొని, పంపు తానే మారుస్తానని బండి ముక్కు మూత ఎత్తి నిలబడ్డారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! నడపడమే గాని ఒక్క నట్టు విప్పిన పాపాన పోని మనిషి ఆయన. మా అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని గడపలో నిలబడి, ఇప్పుడు విప్పుతున్నారు సరే, మళ్లీ బిగించేదెవరు అని అడిగింది. ఆయన అప్పటికే బండి కిందికి దూరారు.

ముందు నీళ్లు వదిలేశాం, బెల్టు తీశాం, ఫ్యాను తీశాం. ఈ "శాం"లో నేనెప్పుడు చేరానో నాకే తెలియదు, పానా అందించడానికి వెళ్లినదాన్ని అక్కడే ఉండిపోయాను. బోల్టులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆయన వాటన్నిటినీ ఒకే గిన్నెలో వేస్తుంటే నా ప్రాణం ఒప్పక, నాకు మిగిలిన ఆ చేటెడు జాగాలోనే ముగ్గుపిండితో పంపు ఆకారం గీసి, ఏ మూల నుంచి వచ్చిన బోల్టును ఆ మూలే పెట్టాను. ఆయన అప్పుడు నవ్వారు గాని, మధ్యాహ్నం బిగించే వేళకు మాత్రం ఆ ముగ్గు చుట్టూ భక్తిగా తిరిగారు.

అన్నీ వచ్చాయి గాని అడుగున ఒక్క బోల్టు రాలేదు. రేడియేటర్‌కూ పంపుకూ మధ్య ఆయన చేయి పట్టదు. నా చేయి పడుతుంది, కాని ముంజేతిలో సగం దాకా పెళ్లిగాజులు. కొత్త కోడలు గాజులు తీయడమంటే మా అత్తమ్మ ఊరుకుంటుందా? నేను బిక్కుబిక్కుమంటూ ఆమె వైపు చూశాను. ఆమె గిరుక్కున తిరిగి లోపలికి పోయింది, కోపం వచ్చిందనుకున్నాను. పాత చీర పేలిక ఒకటి చింపి తెచ్చి, నా గాజులన్నీ మోచేతి దగ్గరికి తోసి, అవి జారకుండా గట్టిగా కట్టింది. "ఇగ పెట్టు బిడ్డా చెయ్యి, జర పైలం" అంది. అత్తగారి మీద నాకు ప్రేమ పుట్టింది ఎప్పుడని ఎవరైనా అడిగితే, నేను చెప్పగలిగింది ఆ నిమిషమే.

ఆ చివరి బోల్టూ ఊడివచ్చాక, పాత పంపును గోనెలో చుట్టుకొని మా ఆయన సైకిలు మీద సామాన్ల దుకాణానికి పోయి, అలాంటిదే కొత్తది తెచ్చారు. ఆలోపు నేను, నీళ్లు కారకుండా పంపుకూ ఇంజనుకూ మధ్య వేసే అట్ట ఉంటుంది కదా, ఇంజనుకు అంటుకున్న ఆ పాత అట్టను అట్లకాడతో గీకి గీకి శుభ్రం చేశాను. ఆ అట్లకాడ మళ్లీ వంటింట్లోకి రాలేదు, అది వేరే సంగతి. దుకాణం సాయెబు ఒక్క మాట చెప్పి పంపాడట, ఒకే బోల్టును పట్టుకొని బిగించవద్దని, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రమ్మని. అలాగే చేశాం. పంపు, ఫ్యాను, బెల్టు, పైపు అన్నీ ఎక్కేసరికి పొద్దు వాలింది.

ఇక నీళ్లు పోయబోతుంటే మా అత్తమ్మ అడ్డం వచ్చింది. కొత్త వస్తువు, పసుపు కుంకుమ పెట్టకుండా ఎట్లా మొదలుపెడతారని. ఇంజను మీద తడి పసుపు పూయవద్దని మా ఆయన విసుక్కుంటే, సరే, తడి వద్దంటే పొడిదే చల్లుతానని, గుప్పెడు పసుపు తెచ్చి పంపు చుట్టూ, పైపు మీద, అతుకుల మీద చేతి నిండా చల్లేసింది. బండికి కామెర్లు వచ్చినట్టుందని ఆయన సణుక్కున్నారు.

బిందె తర్వాత బిందె పోశాం. నిండుతుందనగా కింద టపటపమని చప్పుడు. పంపు అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. సరిగ్గా అప్పుడే మా మామగారు గంజ్ నుంచి వచ్చి, ఆ తడి నేలను చూసి, దాన్ని దాటుకొని కాళ్లు కడుక్కోవడానికి లోపలికి పోయారు. తిట్టినా బాగుండేది. మా ఆయన ముఖం చూడలేకపోయాను. పంపే సరిగ్గా కూర్చోలేదు, మొత్తం మళ్లీ విప్పాల్సిందేనని పానా అందుకున్నారు, కాని ఆయన చేతుల్లో పొద్దుటి సత్తువ లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అప్పుడు మా అత్తమ్మ, తాను చల్లిన పసుపు ఏమైపోయిందోనన్న బాధతోనే అనుకుంటాను, వంగి లోపలికి తొంగి చూసింది.

"ఆగుర! పంపు సుట్టు పసుపు ఎండగనే ఉన్నది. పైనుంచి ఒక్క తావున్నే కొట్కపోయింది, సూడు."

చూశాం. నిజమే. పంపు అతుకు చుట్టూ పసుపు చెక్కుచెదరకుండా పొడిగా ఉంది. పైనున్న రబ్బరు పైపు దగ్గర నుంచి మాత్రం ఒక సన్నని చార, పసుపును కడుక్కుంటూ కిందికి దిగి, పంపు అడుగుకు చేరి అక్కడి నుంచి కారుతోంది. పైపును పట్టి ఉంచే క్లిప్పు వంకరగా కూర్చుంది, అంతే! దాన్ని తిన్నగా చేసి నాలుగు చుట్లు బిగించేసరికి చప్పుడు ఆగిపోయింది. బండి స్టార్టు చేస్తే గరగర లేదు, ఫ్యాను గాలికి మిగిలిన పసుపంతా లేచి మా ముగ్గురి ముఖాల మీద పడింది. మా ఆయన నవ్వారు, సంతపూర్ దారిలో నవ్విన నవ్వు.

మర్నాడు పొద్దున సంతపూర్ నుంచి కందులు తేవడానికి బండి తీస్తుంటే, మా మామగారు తెల్ల ధోవతితో వచ్చి, భుజం మీది కండువాతో సీటు దులిపి, ఎన్నడూ ఎక్కని ఆ లారీలో కొడుకు పక్కన కూర్చున్నారు. కొనే మనిషి వస్తే ఏమని చెప్పాలని మా అత్తమ్మ అడిగింది.

"బండి కిరాయికి పోయిందని చెప్పున్రి" అన్నారు.

ఆ లారీ మమ్మల్ని చాలా ఏళ్లు పోషించింది. ఎప్పుడు మూత ఎత్తినా, మా ఆయన ముందు పానా అడిగేవారు కాదు, "అమ్మా, పసుపు" అని కేకేసేవారు. ఇప్పుడు మా అత్తమామలు లేరు, ఆ లారీ లేదు. ఇప్పటి బండ్లు మంచివే, అంత తేలిగ్గా చెడవు, వాటిని అనడానికి నాకు నోరు రాదు. కాని అప్పుడు ఒక వస్తువు చెడిపోతే ఇల్లంతా దాని మీదికి వంగేది, ముగ్గు తెలిసిన చేయీ పసుపు తెలిసిన కన్నూ కూడా పనికొచ్చేవి. ఇప్పుడు చెడిపోతే చేతులు కట్టుకొని నిలబడాలి. నాకు వెలితిగా తోచేది అదే.

మొన్న ఇంటికి వచ్చి గంజ్ దగ్గరి లారీ సంగతి చెప్తే, మా ఆయన పేపరు పక్కన పెట్టి ఒక్కటే అడిగారు.

"నీళ్లు పైనుంచి కారుతున్నయా, కిందినుంచా?"

నేను చూడలేదు. ఒకప్పుడు మోచేతి దాకా చేయి దూర్చినదాన్ని, మొన్న వంగి చూడను కూడా లేదు. ఆయన చేతికర్ర తీసుకొని చెప్పులు వేసుకున్నారు. వద్దంటే వినే మనిషా! నేను వంటింట్లోకి పోయి పసుపు పొట్లం ఒకటి చెంగున ముడి వేసుకున్నాను. ఆటోలో ఇద్దరం గంజ్ చేరేసరికి లారీ లేదు, తడి నేల మాత్రం ఉంది. ఆయన కర్ర ఆనుకొని, లారీ వెళ్లిన దారి వెంట నేలను చూసుకుంటూ కొంత దూరం నడిచి వెనక్కి వచ్చారు.

"తోవ పొడుగున ఒక్క సుక్క లేదు. బాగైనంకనే పోయింది" అన్నారు, తానే బాగుచేసినంత సంతోషంగా. ఇంకో బండికి కట్టి లాక్కుపోయి ఉంటారేమోనని నాకు తోచింది గాని, ఆ నవ్వు చూసి ఆ మాట అనలేదు.