వడ్ల కింద బాణం

మా డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదే ముందు దాన్ని చొక్కా అంచుతో తుడిచేవారు. ఎంత కోపంలో ఉన్నా తుడవకుండా ఊదేవారు కాదు.

విడవలూరులో మా చర్చి వాళ్లు ఈస్టరు మర్నాడు పెట్టే సైకిలు పందేనికి రెఫరీ ఆయనే. ఆ ఏడు దారి మార్చారు. మాస్టారు తెల్లవారకముందే వెళ్లి ప్రతి మలుపులోనూ ముగ్గుపిండితో బాణం గీసి వచ్చారు. మేం కాలవ మలుపు చేరేసరికి ఎవరో రైతు రోడ్డు నిండా వడ్లు ఆరబోసి ఉన్నాడు. గింజల మీద తొక్కడానికి మనసొప్పక, ముందున్న ముగ్గురం పక్క దారి పట్టాం. అది దగ్గర దారి. వెనక వాళ్లకి అప్పుడే వచ్చిన ఆ రైతు, బాణం ఎటుందో చెప్పి అసలు దారి చూపించాడట. అందరికన్నా ముందు నేను చేరాను.

మాస్టారు మేం వచ్చిన దారి చూసి, విజిల్ తుడిచి ఊదారు.

"మీ ముగ్గురూ అవుటు."

"బాణం కనపళ్లేదు సార్. వడ్లు పోసుండారు."

ఆయన నాతో మలుపు దాకా వచ్చి, గొంతుకూర్చుని, చేత్తో వడ్లు పక్కకి జరిపారు. తెల్లటి గీత బయటపడింది.

"తప్పు నాదే అబ్బయా. అయినా నువ్వు తొక్కాల్సిన దారి తొక్కలేదు గదా."

జరిపిన వడ్లు మళ్లీ సర్ది లేచారు. నెల రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు అదే మలుపులో మళ్లీ వడ్లు. వాటి పక్కన, విజిల్ పాస్టరు గారికి అప్పగించేసి, మాస్టారు ఎండలో ఎడమ చెయ్యి చాచి నిలబడి ఉన్నారు. ఆఖరి సైకిలు దాటేదాకా ఆ చెయ్యి దించలేదట.