అద్దాల బీరువాలో రూతమ్మగారి బైబిలు

ఈ రోజు మధ్యాహ్నం డెబ్బై ఏళ్ల రూతమ్మగారు రేపల్లె ప్యాసింజరులో వచ్చి, తెనాలిలో మా చరిత్ర సంఘం గదికి వెతుక్కుంటూ వచ్చారు. ఎస్‌టీడీ బూత్ పక్క సందులో ఉంటుంది మా గది. నేను కార్యదర్శిని. రెండేళ్ల క్రితం ఆవిడ ఇంట్లోని పాత బైబిలును భద్రపరుస్తామని బతిమాలి తెచ్చింది నేనే. దాని మొదటి పేజీల్లో నాలుగు తరాలుగా ఆ ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లన్నీ రాసి ఉన్నాయి. ఇప్పుడది అద్దాల బీరువాలో ఉంది. "తాకరాదు" అని టైపు కొట్టించి మరీ అంటించాను.

ఆవిడ సంచిలోంచి పెన్ను తీశారు.

"మా మనవడికి కొడుకు పుట్టాడు బాబూ. పేరు రాసుకుని పోతాను."

"ఇందులో ఇంక రాయకూడదండి మామ్మగారూ, ఇది చరిత్ర. చీటీ మీద రాసివ్వండి, లోపల పెడతాను."

"చరిత్రేంటి బాబూ, మా పిల్లల పేర్లు. అందరూ బైబిల్లో ఉండి, వీడొక్కడు చీటీ మీదా?"

బీరువా తాళం మా సంఘం అధ్యక్షులవారి దగ్గరుందని చెప్పేశాను. అది నా చొక్కా జేబులోనే ఉంది. ఆవిడ అద్దంలోంచి కాసేపు చూసుకుని, పెన్ను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇందాక బీరువా తెరిచి చూశాను. ఆఖరి పేరు కింద సగం పేజీ ఖాళీగా ఉంది. బైబిలు నా చేతికొచ్చాక ఆ ఇంట్లో ఇంకెవరూ పుట్టనట్టే ఉంది.

రేపు పొద్దున్నే దాన్ని పట్టుకుని రేపల్లె బండెక్కుతున్నాను. అధ్యక్షులవారికి ఏం చెప్పాలో మీరే చెప్పండి. రూతమ్మగారికి తాళం సంగతి ఎలా చెప్పాలో కూడా.