అర చెంచా నెయ్యి గెలిచాను

నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. నాకు కొలెస్ట్రాల్ ఎక్కువుందని కోడలు నెయ్యి గిన్నె దాచి వారమైంది. ఈ రోజు మనవరాలు పరీక్ష కోసం పైకి చదువుతుంటే విన్నాను. ఒంట్లో ప్రతి కణం చుట్టూ గోడలాంటి పొర ఉంటుందట, అది కొవ్వుతోనే తయారవుతుందట. కొన్ని విటమిన్లయితే కొవ్వు తోడు లేకుంటే ఒంటికి పట్టవట. అన్నం ముందు కూర్చుని కోడలిని నిలదీశాను.

"విన్నవా పిల్లా? నెయ్యి లేకుంటే నా గోడలు కూలుతయి."

"తర్వాతి పేజీ నేను గూడ విన్న అత్తమ్మా. కావలసిన కొలెస్ట్రాల్ మన కార్జమే తయారు జేస్తదట. ఒంట్లనే కార్ఖానా ఉండంగ బయటి సరుకెందుకు?"

"మీ మామ నాచారం కార్ఖానాలనే జేసిండు. ముడిసరుకు పోయకుంటే ఏ మిషన్ నడుస్తదో సెప్పు."

కోడలు నవ్వాపుకోలేక మొదటి ముద్దకు అర చెంచా వేసింది. మిగతా అర చెంచా రాబట్టే వాదన మీ దగ్గరుంటే కింద రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.