నాటకంలో ఉత్తరం మార్చింది నేనే

అది నేనే చేశాను. కావాలనే చేశాను. ఇన్నేళ్ళూ ఎవరడిగినా "ఏమో, పొరపాటున జరిగుంటుంది" అంటూ వచ్చాను. ఇక దాచి ఏం లాభం?

రెండువేల దశకం మొదట్లో పుదుచ్చేరి తెలుగువాళ్ళం చేరి ఒక సంఘం పెట్టుకున్నాం. తాతల తాతల నాటినుంచి ఇక్కడివాళ్ళమే. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరం చూపిస్తే మాలో ఎక్కువమంది కళ్ళు తేలేస్తారు. నేను మాత్రం మిల్లులో పనిచేసే రోజుల్లో నెల్లూరు లారీవాళ్ళు పొట్లాలు కట్టుకొచ్చిన పాత పేపర్లు ఏరుకుని, కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఐదో తరగతి దాటనివాణ్ణి. గురువంటూ ఎవడూ లేడు.

సంఘం వార్షికోత్సవానికి నాటకం కావాలన్నారు. ఆరు నెలలు కూర్చుని రాశాను. తిరునాళ్ళలో తప్పిపోయిన కవలల కథ. ఒకడు ఇక్కడికి దగ్గరి విల్లియనూరులో వడ్ల వ్యాపారి, రెండోవాడు ఆ ఊరికి కొత్తగా వచ్చిన సైకిళ్ళ మెకానిక్కు. వ్యాపారి పెళ్ళాం మెకానిక్కు చెవి పట్టుకుని ఇంటికి ఈడ్చుకుపోతుంది. మెకానిక్కు చేసిన తప్పుకు వ్యాపారి తన్నులు తింటాడు. ఇలాంటి నాటకాల్లో కిటుకు ఒకటే: ఎవరు ఎవరో చూసేవాళ్ళకు తెలుసు, వేదిక మీదివాళ్ళకు తెలీదు. చివర్లో చచ్చిపోయిన తల్లి రాసిన ఉత్తరాన్ని ఊరి పెద్దమనిషి పైకి చదివితేగానీ ముడి వీడదు.

నటులకోసం మాటలన్నీ తమిళ అక్షరాల్లో తిరగరాసిచ్చాను. మాట తెలుగు, రాత తమిళం. మాలో అది మామూలే. పెద్దమనిషి వేషం సంఘం అధ్యక్షుడు తీసుకున్నాడు. ఎమ్మే చదివి ఆఫీసరుగా రిటైరైనవాడు. ఉత్తరం ఎలాగూ చేతిలో ఉంటుంది కదా అని ఆ మాటలు కంఠతా పట్టలేదు.

ఆహ్వానం అచ్చయి వచ్చింది. రచన అన్నచోట అధ్యక్షుడి పేరు. నా పేరు ఎక్కడా లేదు. కార్డు పట్టుకుని నేరుగా ఆయన ఇంటికి పోయాను. చుట్టరికం లేకపోయినా మేము వరస పెట్టి పిలుచుకునేవాళ్ళం.

"ఏంది అల్లుడా ఇది? రాసింది నేను గదా!"

ఆయన కాఫీ ఆర్చుకుంటూ, "సుమ్మా ఊరుకో మామా. కార్డు మీద ఎమ్మే పేరుంటేనే నలుగురొస్తారు. మిల్లు కూలోడి పేరు చూసి ఎవురొస్తారు?" అన్నాడు.

"అయితే నేనెవుర్ని?"

"నువ్వు రాతగాడివి. సంగం అడిగింది, నువ్వు రాసినావు. అంతే గదా?"

లోపల్నుంచి ఆయన భార్య కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు నా చెవిలో ఇంకా ఉంది.

ఆ వారమంతా మా పేట కోసపాళయంలో నా కళ్ళముందే జనం ఆయన్ని ఆపి, "కవలల కత భలే రాసినారంటనే!" అని మెచ్చుకున్నారు. నా నాటకంలో ఒకణ్ణి చూసి ఇంకొకడనుకున్నారంటే, వాళ్ళు ఒక్క కడుపున ఒక్క మొహంతో పుట్టినవాళ్ళు. నాకూ ఈయనకూ ఏం పోలిక?

నాటకం రోజు సాయంత్రం సామాను చూసుకునే పని నాదే. తమిళ అక్షరాల ఉత్తరం నా చొక్కా జేబులోకి పోయింది. అదే ఉత్తరాన్ని నా చేత్తో తెలుగులో రాసి, పాత కాగితంలా కనబడేట్టు పసుపు అద్ది, నాటకంలోని తల్లి పెట్టెలో పెట్టాను.

ఆఖరి రంగం. అధ్యక్షుడు గొంతు సవరించుకుని ఉత్తరం విప్పాడు. చూశాడు. తిరగేసి చూశాడు. జనం నవ్వారు.

"కండ్లద్దాలు తేలేదురా, నువ్వు చదువు" అని మెకానిక్కు వేషగాడికి ఇచ్చాడు.

వాడు తెలివైనవాడు. "సైకిల్ ట్యూబు ఇయ్యండి సామీ, అతికిస్తా. చదువు నాకు యాడొస్తాది?" అని వ్యాపారికి అందించాడు. వ్యాపారి పెళ్ళానికిచ్చాడు. హాలంతా పగలబడి నవ్వుతోంది. తెర పక్కన నాకు ఒళ్ళు మండిపోయింది. నేను తీసిన గోతిలో పడి ఆయన చప్పట్లు కొట్టించుకుంటున్నాడు!

అంతలో పెళ్ళాం వేషం వేసినామె దడుచుకుని అనేసింది: "అయ్యో, ఇది తెలుగు రాతలో ఉండాదే!"

ముందు వరసలోని ముసలమ్మ ఒకామె అందుకుంది. "ఉంటే ఏమప్పా? నువ్వు రాసిందే గదా, నువ్వే చదువు!"

నవ్వు ఆగిపోయింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన తెర పక్కకు జరిగి గొణిగాడు. "మామా, రా మామా. వచ్చి చదువు."

"రాసినోణ్ణి రమ్మను. గట్టిగా చెప్పు, అందరికీ వినపడల్ల" అన్నాను.

ఆయన ఇంకోసారి చెయ్యి ఊపి పిలిచాడు. నేను కదల్లేదు. చివరికి జనం వైపు తిరిగి, "ఇది రాసినాయన లోపల ఉండాడు. ఆయనే వచ్చి చదువుతాడు" అన్నాడు.

వెళ్ళాను. ఒక్క అక్షరం మింగకుండా చదివాను. అన్నదమ్ములు వాటేసుకున్నప్పుడు ఆ ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అధ్యక్షుడు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక ఒక పక్కన నిలబడ్డాడు.

తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ. ఒక్క సంగతి ఆయనకు తెలీదు. ఆయన నన్ను బతిమాలుతున్నంతసేపూ తమిళ అక్షరాల ఉత్తరం నా జేబులోనే ఉంది. పైనుంచి చేత్తో తడిమి చూసుకున్నాను కూడా. అందించి ఉంటే ఆయన పరువు దక్కేది.

అందించలేదు. ఇప్పుడు మళ్ళీ ఆ చోటే నిలబెట్టినా అందించను.