వియ్యపురాలి నెత్తిన నాలుగు మెట్లు

తలనిండా జుట్టున్న ఆడవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. లేనివాళ్ళు ఇంకా జాగ్రత్తగా చదవండి, సంతోషం కలుగుతుంది. పదేళ్ళ కిందట ఒక్క మధ్యాహ్నంలో, ఎవరూ బలవంతం చేయకుండానే, కత్తెరకు తలవంచి నా పరువును మెట్లుమెట్లుగా కోయించుకున్నాను. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, చుట్టూ తిప్పి రాయడం ఇంకా పట్టుబడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను.

మాది తిరుత్తణి దారిలో కనకమ్మ సత్రం అనే ఊరి పక్కన పల్లె. మా అబ్బాయి మురళికి పిల్లను చూడటానికి తిరువళ్ళూరు పోయాం. పెళ్ళికొడుకును కన్న తల్లికి కళ్ళు నెత్తికెక్కుతాయంటారు. నెత్తికెక్కిన కళ్ళకు సొంత జుట్టే కదా కనబడాలి? నాకు మాత్రం ఆ పిల్ల జుట్టే కనబడింది. పేరు రేవతి. భుజాల దాకా వదిలిన జుట్టు పైన పొట్టిగా, కింద పొడుగ్గా, అంచెలంచెలుగా దిగుతోంది.

"ఏందమ్మా, నీ జుట్టు మేకలు గాని మేసినాయా?" అన్నాను, ఇచ్చిన కాఫీ ఇంకా చేతిలో ఉండగానే.

"లేయర్ కట్ అత్తా," అంది పిల్ల నవ్వుతూనే. "నా వెంట్రుక సన్నం, జుట్టేమో ఒత్తు. ఇట్ల కోస్తే బరువు తగ్గుతాది."

"బరువు మోసేదానికే గదా తలకాయ ఉండేది! పెళ్ళి ఆరు నెలలకు పెట్టుకుందాం. అంతలో జడ పెంచాల. జడ లేకుండా పీట మింద కూర్చుంటే మావాళ్ళు నవ్వుతారు."

వాళ్ళమ్మ సరోజ మొహం చిన్నబోయింది. పిల్ల "సరే అత్తా" అంది. మురళి నావైపు చూడటం మానేసి ఫ్యాను వైపు చూశాడు.

ఇక అసలు సంగతి. ఆ జుట్టు నాకు భలే నచ్చింది. పిల్ల తల తిప్పితే గాలికి వరిమడి కదిలినట్టు కదిలింది. నాదీ అదే రకం. ఒక్కో వెంట్రుక పట్టుదారం, అన్నీ కలిపితే గడ్డిమోపు. తలంటుకుంటే ఆరడానికి ఒక పూట పడుతుంది. యాభై ఏళ్ళు ఆ మోపు మోశాను. ఆ పిల్లకు నప్పింది నాకెందుకు నప్పదు?

ఐదు నెలలు ఈ ప్రశ్నతోనే కాపురం చేశాను. చివరికి అసలు కాపురం చేస్తున్న మనిషిని అడిగాను.

"ఏమయ్యా, సన్న వెంట్రుక, ఒత్తు జుట్టు. లేయర్ కోస్తే బాగుంటాదా?"

"సన్న వడ్లు ఒత్తుగా నాటితే ఏమైతాది?"

"ఏమైతాది?"

"గాలికి పడిపోతాది."

"నేను తల గురించి అడిగితే నువ్వు మడి గురించి చెప్తావేంది?"

"నాకు తెలిసింది మడే. నీ తల గురించి ముప్పై ఏళ్ళుగా నాకేమీ తెలీలా."

పెళ్ళికి వారం ముందు, జాకెట్లు తెచ్చుకునే నెపంతో తిరుత్తణి పోయి ఒక పార్లర్‌లో దూరాను. అక్కడి పిల్ల నా జడ విప్పి, నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"ఒత్తు జాస్తి అక్కా, వెంట్రుక మాత్రం శానా సన్నం. కొసల్లో రెండు పొడుగు లేయర్లు చాలు. పైన పొట్టిగా కోస్తే అది లేస్తాది, కిందేమో పలచనైపోతాది."

"రెండేనా? ఎవురికి కనబడతాది?"

"కనబడకుండా ఉంటేనే అందం అక్కా."

"చేయించుకున్నట్టు తెలీకపోతే చేయించుకొనేది ఎందుకు? నాలుగు కొయ్. చెవుల కాణ్ణించే మొదలుబెట్టు."

"ఇంట్లో ఒకమాట అడిగి..."

"మా ఇంట్లో అడిగేది నన్నే."

కోసింది. వేడిగాలి కొట్టి దువ్వినంతసేపూ అద్దంలో ఒక మహారాణి కూర్చుంది. మహారాణి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కనకమ్మ సత్రంలో దిగేసరికి పైన గడ్డివామి, కింద ఎలుకతోక. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఆ సామెత కట్టినామె పార్లర్ గడప తొక్కి ఉండదు.

"తిరుత్తణి కొండ మెట్లెక్కమంటే మోకాళ్ళు నొప్పులంటావు," అన్నాడు మా ఆయన. "నెత్తిన మెట్లు కట్టించుకోని వచ్చినావా?"

"ఎవురికన్నా చెప్పినావంటే చూడు!"

"నేను చెప్పేది ఎందుకు? అదే చెప్తాండాది గదా, నాలుగు దిక్కులకూ."

పెళ్ళిలో నూనె పూసి, కొప్పు బిగించి, పూలతో కప్పేద్దామనుకున్నాను. మంచి ఉపాయమే. కానీ ఒక్కటి మరిచాను. మా పక్క ముహూర్తం రోజు పొద్దున పెళ్ళికూతురి తల్లి పళ్ళెంలో నూనె, దువ్వెన, అద్దం, పూలు తెచ్చి, పెళ్ళికొడుకు తల్లిని పీటమీద కూర్చోబెట్టి, అందరిముందూ తల దువ్వి జడ వేయాలి. అది మర్యాద.

తిరుత్తణి మండపంలో మా విడిదిగదికి సరోజ పళ్ళెంతో వచ్చింది. వెనక ఇరవైమంది ఆడవాళ్ళు.

"కూర్చోండి వదినా, జడేస్తా."

"తలనొప్పిగా ఉండాది వదినా. బొట్టు పెట్టి పోండి, చాలు."

"అట్లెట్ల? జడ లేకుంటే మీవాళ్ళు నవ్వరా?"

కొప్పులోంచి పిన్నులు ఒక్కోటి లాగింది. ఆఖరి పిన్ను ఊడగానే నా జుట్టు జైలునుంచి విడుదలైనట్టు నాలుగువైపులా లేచింది. మూలనుంచి ఒక ముసలమ్మ అడిగింది: "కరెంటు గాని కొట్టిందా తల్లీ?"

సరోజ మూడు పాయలు తీస్తే చెవుల దగ్గర ముప్పై పాయలు లేచాయి. నూనె పూస్తే పట్టుదారం మరింత జారింది. చివరికి జానెడు జడ తేలింది. దానికి పూలదండ గుచ్చితే దండ నా ఒళ్ళో పడింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ పడింది.

"వదినా," అంది సరోజ తియ్యగా, "ఇది లేయర్ కట్టే గదా?"

"కాదు వదినా. జ్వరం వచ్చి ఊడిపోయింది."

"జ్వరం శానా కొలతగా వచ్చిందే! అంచెకు నాలుగు వేళ్ళు!"

ఇరుపక్కలవాళ్ళూ విరగబడి నవ్వారు. ఆరు నెలలు పోగేసిన నా అత్తరికం ఆ నవ్వులో కొట్టుకుపోతుంటే, గోల విని పక్కగదినుంచి రేవతి వచ్చింది. నడుము దాటిన జడ, జడనిండా బిళ్ళలు, పూలు. నా తలవైపు చూసింది. ఇక ఏం అన్నా పడాల్సిందేనని నేను కళ్ళు దించుకున్నాను.

రేవతి చెయ్యి వెనక్కి పెట్టి జడ మొత్తం ఊడదీసి నా ఒళ్ళో పెట్టింది. సవరం!

"ఆరు నెలల్లో ఎంత పెరుగుతాది అత్తా? మీకోసరమే కొన్నాం. మీరే పెట్టుకోండి. నాకు బరువుగా ఉండాది."

బయట మేళం మొదలైంది. నా జుట్టుకు వేరే గతి లేదు. సరోజ ఇరవై పిన్నులతో దాన్ని నా నెత్తికి బిగించింది. పెళ్ళికూతురు మూరెడు మల్లెపూలతో, విరబోసిన లేయర్లతో హాయిగా పీటమీద కూర్చుంది. అత్తగారు జడబిళ్ళలతో వెనక నిలబడింది.

తాళి కట్టాక ఫొటోగ్రాఫరు వచ్చాడు. "జడ ఫొటో తీయాల. పెళ్ళికూతురు అట్ల తిరగండమ్మా." రేవతి తిరిగింది. అతను తలగోక్కొని, మండపమంతా చూసి, నాదగ్గరికొచ్చాడు. "జడ మీకాడ ఉండాది. మీరే తిరగండి."

తిరిగాను. ఏం చేయను? నా కొడుకు పెళ్ళి ఆల్బంలో ఒక నిండు పేజీకి నా వీపే ఉంది. "వెనకనించి చూస్తే ఇరవై ఏళ్ళు తగ్గినావు," అంటాడు మా ఆయన. "వెనకనించే."

కాబట్టి ఇరుపక్షాల బంధువుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా తలకు మళ్ళీ కత్తెర తాకనివ్వను, పక్కవాళ్ళ తలకు నా నోరు తాకనివ్వను. మొదటి ప్రమాణం పదేళ్ళుగా నిలబడింది. రెండోదానికి నిన్ననే పరీక్ష వచ్చింది: ఎదురింటి పిల్ల జుట్టుకు ఊదారంగు వేసుకొని వచ్చి, "ఎట్లుండాది అవ్వా?" అంది. నాలుక గట్టిగా కొరుక్కున్నాను. ఇప్పటికీ మజ్జిగ తప్ప ఏదీ మింగుడుపడటం లేదు.