రెక్కల లక్ష్మికి నంబరు లేదు

ఇన్నేళ్లుగా నేను రాసిన ఉత్తరాలకు సైన్యం పై ఆఫీసుల నుంచి ఒక్క సరైన జవాబు రాలేదు. తెనాలిలో మా బడి స్టాఫ్‌రూములో నన్ను ‘పతకాల మేష్టారు’ అంటారు. ఆ పేరు మొదట పెట్టినదెవరో, ఆ రోజు ఎవరెవరు నవ్వారో నాకు బాగా గుర్తుంది. నవ్వినవాళ్లలో ఒక్కరైనా అసలు సంగతేమిటని అడగలేదు. అందుకే రాస్తున్నాను.

పందొమ్మిదివందల అరవైల్లో నాకు పాత నాణేలు కూడబెట్టే అలవాటుండేది. తెనాలి బజారులో ఒక కంసాలి కరిగించడానికి పక్కన పెట్టిన మూడు పతకాలు చూపించాడు. ఒకటి నక్షత్రం, ఒకటి వెండిది, ఒకటి పసుపురంగు లోహానిది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సిపాయికి ఇచ్చినవి. పసుపురంగుదాని మీద రెక్కలున్న స్త్రీ బొమ్మ, తెల్లవాళ్ల విజయదేవత, చేతిలో ఏదో మట్ట. ఆమె నుదుట కుంకుమ గట్టిపడి ఉంది. ఇలాంటి వాటి మీద సిపాయి పేరూ నంబరూ చెక్కి ఉంటాయి. వీటి మీద అరిగిపోయాయి. నక్షత్రం వెనక రెండంకెలు మాత్రం లీలగా కనిపించాయి.

“ఎవరమ్మారండీ?” అని అడిగాను.

“రేపల్లె మనిషండి, రైసుమిల్లు గుమాస్తా. మీకెందుకండీ ఆ గోల?” అన్నాడు కంసాలి.

మూడూ కొని, ఆదివారం రేపల్లె రైలెక్కాను.

గుమాస్తా ఇంటి వసారాలో పొట్లం విప్పుతుండగానే, లోపలి నుంచి డెబ్భై దగ్గరపడిన ఆవిడ వచ్చి పసుపురంగు పతకాన్ని లాక్కుని కళ్లకద్దుకుంది. గుమాస్తాకు పెద్దమ్మ. నుదుటి నిండా బొట్టు.

“నా లక్ష్మిని ఎలకలెత్తుకుపోయాయన్నావు కదరా సచ్చినోడా! ఏ ఎలకరా తెనాలి దాకా టిక్కెట్టు కొనుక్కుని వెళ్లింది?”

“లక్ష్మికి రెక్కలుంటాయా పెద్దమ్మా?”

“ఉంటే నీకేంటి? నీకు బుద్ధి లేదు, ఆ సంగతెవరైనా అడిగారా?”

ఆవిడ భర్త పెళ్లయిన కొత్తలో తండ్రితో గొడవపడి, వంతెనలు కట్టే పటాలంలో చేరి, ఇరాక్‌లోని బస్రాకు ఓడెక్కాడు. యుద్ధం ముగిసింది. ఆయన రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు. కొన్నాళ్లకు మామగారి పేరిట పతకాలొచ్చాయి. రెక్కల స్త్రీ లక్ష్మీదేవే అనుకుని ఆవిడ శుక్రవారం శుక్రవారం మూడింటినీ చింతపండు పెట్టి తోమి, పసుపూ కుంకుమా పెట్టేది. నంబరు అలా అరిగిపోయింది.

గుమాస్తా నన్ను వీధిలోకి తీసుకెళ్లాడు. “వైశాఖంలో మా అమ్మాయి పెళ్లండి. పోయినవాడి పేర బొట్టు పెట్టుకున్న మనిషి అక్షింతలేస్తే అరిష్టమంటున్నారు మగపెళ్లివారు. పూజ మానితే బొట్టూ మానుతుందని అమ్మేశాను. మీరు మళ్లీ మోసుకొచ్చారు.”

నేను వచ్చేస్తుంటే ఆవిడ గుమ్మం పట్టుకుని అడిగింది. “మేష్టారూ, ఉన్నారో పోయారో కనుక్కో నాయనా. పోయారని తెలిస్తే నా చేత్తో నేనే ఈ బొట్టు తీసేస్తా. తెలీకుండా తీయమంటే మాత్రం తీయను.”

“కనుక్కుంటాను మామ్మగారూ” అన్నాను. మాటిచ్చేశాను.

అదే పటాలంలో పనిచేసిన సుబేదారు ఒకాయన బాపట్లలో ఉన్నాడని తెలిసి వెళ్లాను. నన్ను వరండాలో నిలబెట్టి, నా వెనక వచ్చినవాడికి కుర్చీ వేయించి కాఫీ ఇప్పించాడు. ఆ గ్లాసు నేనింకా మరిచిపోలేదు. ఆవిడ భర్త పేరుగలవాళ్లు పటాలంలో చాలామంది ఉండేవారట.

“నంబరేదయ్యా?”

“చింతపండుకి అరిగిపోయిందండి.”

పొట్ట కదిలేలా నవ్వాడు. “పతకాలు ఇంటికొచ్చాయంటే మనిషి పోయినట్టే. వెళ్లి చెప్పు.”

ఆయన వెనక గోడకు అద్దం కట్టించిన అవే మూడు పతకాలు వేలాడుతున్నాయి. “మరి ఇవీ మీ ఇంటికొచ్చినవే కదండీ. మీరు పోయారా?” అన్నాను.

ఆయన కొడుకు వచ్చి నాకు గేటు చూపించాడు.

అప్పటి నుంచి సైన్యం పై ఆఫీసులకు రాయడం మొదలుపెట్టాను. నంబరు లేనిదే వెతకడం కుదరదన్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు, మిగిలిన రెండంకెలు కలిపి మళ్లీ రాశాను. మళ్లీ అదే మాట. ఆ తర్వాత అదీ లేదు.

వైశాఖం వచ్చేసింది. పెళ్లినాడు నేను వెళ్లేసరికి ఆవిడ వెనక గదిలో ఉంది. బయట గడియ పెట్టారు. నేను గడియ మీద చెయ్యి వేశాను. గుమాస్తా నా చొక్కా పట్టుకున్నాడు.

“ఆవిడ మీకేమవుతుందండీ? పీటల మీది పెళ్లి ఆగితే మళ్లీ కుదర్చడానికి మీరొస్తారా?”

పందిట్లో సన్నాయి ఆగింది. తలుపు వెనక నుంచి ఆవిడే అంది: “వదిలెయ్ నాయనా. పిల్ల పెళ్లి.”

నేను చెయ్యి తీసేశాను.

ఇప్పుడావిడ మంచం పట్టింది. ప్రాణం పోగానే ముందు బొట్టు తుడిచి, ఆ తర్వాతే స్నానం చేయిస్తామని గుమాస్తా నా ముందే అన్నాడు. ఆవిడ వింది. ఎప్పుడు వెళ్లినా నా మొహం చూసి “వచ్చిందా?” అంటుంది. లేదని చెప్పలేక ప్రయాణపు కబుర్లేవో చెబుతాను.

అయ్యా, పై ఆఫీసువారూ, ఆ నంబరిచ్చింది మీరు. ఆవిడ అరగదీసింది పతకాన్ని, మీ కాగితాల్ని కాదు. మనిషిని ఓడెక్కించినవాళ్లు దించారో లేదో చెప్పలేరా? ఉన్నాడా, పోయాడా? ఆవిడకు చెవులు వినపడుతుండగానే చెప్పండి.