నాయన మానేసిన మాత్ర

మా నాయన చిత్తూరు దగ్గర ఒక నర్సరీలో మామిడి అంట్లు కడతాడు. చక్కెర జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. పోయిన ఏడాది మూత్రంలో ప్రోటీను పోతోందని, కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని తేలింది. డాక్టరు బీపీకి ఒక మాత్ర రాసి, కిడ్నీలను కూడా అదే కాపాడుతుందని చెప్పారు.

కొన్ని నెలలకు, అంటు కడుతుంటే కళ్లముందు నల్లటి నలుసులు తేలుతున్నాయన్నాడు. తిరుపతిలో నేనుండే చోటికి పిలిపించుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కళ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. కాసేపటికి చూపు మసకబారి, నాయన తడుముకుంటూ నా చేయి పట్టుకున్నాడు. మామిడి సొన కాల్చిన మచ్చలతో గరుగ్గా ఉంది ఆ చేయి. పిలిచేదాకా వదలలేదు.

డాక్టరమ్మ కంటి లోపలి ఫోటో చూపించింది. సన్నటి ఎర్రటి నాళాలు, పక్కన అక్కడక్కడా నెత్తుటి చుక్కలు.

"చక్కెర వల్ల ఈ నాళాలు బలహీనపడ్డాయి. పైన బీపీ కూడా ఎక్కువుంటే చిట్లుతాయి. కిడ్నీల్లోనూ ఇంత సన్నటివే ఉంటాయి. ఇందాక చూస్తే మీ బీపీ బాగా ఎక్కువుంది. మాత్ర వేసుకుంటున్నారా?"

నాయన తల వంచుకున్నాడు.

"మూన్నెల్లయింది మేడం, మానేసి. అది ఏసుకున్న కాడ్నించి ఒకటే పొడి దగ్గు. మా ఇంటామె పొద్దన్నే మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోవల్ల. నా దగ్గుతో ఆమెకి నిద్ర ల్యాకుండా పోతా ఉన్నింది."

ఆ మాత్ర కొందరికి దగ్గు తెస్తుందని, దగ్గు రాని వేరే రకం ఉందని, సొంతంగా మానేయడమే తప్పని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ సాయంత్రమే తిరుపతిలోనే ఒక కిడ్నీ డాక్టరుకు చూపిస్తే, ఆయన మాత్ర మార్చారు. రెండు వారాలకు రక్తపరీక్ష చేయించుకోమన్నారు.

నాయనను ఊరికి తీసుకెళ్లి అమ్మకు జరిగింది చెప్పాను. వింటూనే అమ్మ వచ్చి నాయన పక్కన కూర్చుంది.

"నిద్ర ల్యాదని నీతో నేనెప్పుడన్నా అన్నేనా? నువ్వు దగ్గుతా ఉంటే, మనిషి పక్కనే ఉండాడులే అని నాకు ధైర్యంగా ఉండేది. నా నిద్ర కోసరం కండ్లు పోగొట్టుకుంటావా?"

"తెలీక సేసినాలేమ్మే, ఏడవొద్దు," అన్నాడు నాయన, కొంగు అందుకుని ఆమె ముఖం తుడుస్తూ.

కొత్త మాత్రతో దగ్గు రాలేదు. బీపీ దిగింది, పథ్యంతో చక్కెర కూడా అదుపులోకి వచ్చింది. నాలుగు నెలల తర్వాత మళ్లీ ఫోటో తీశారు. పాత చుక్కలు కొన్ని చెరిగాయి, కొత్తవి లేవు. ఇప్పటికి కంటికి లేజరు చికిత్స అక్కర్లేదని, పరీక్షలకు మాత్రం తప్పకుండా రావాలని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి అమ్మ కూడా వచ్చింది. ఆ ఫోటోను చాలాసేపు చూసి, నన్ను చూపిస్తూ డాక్టరమ్మతో, "వీళ్ల నాయన కన్ను లోపల ఇంత అందంగా ఉంటాదా!" అంది. నాయన సిగ్గుపడ్డాడు.